వేరు, శనగ

ఒక కామా వల్ల ప్రాణం మీదికి వస్తుందని, ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్న నాకే తెలియదు.

మా ఎర్రదిన్నెలో బుడ్డలంటే తిండి ఒక్కటే కాదు. వాన పడితే బుడ్డలు విత్తుతారు. పడకపోతే విత్తలేదని ఏడుస్తారు. పుస్తకాల్లో వేరుశనగ అని రాసి ఉంటుంది, పట్నంవాళ్లు పల్లీలంటారు, ఇంకొందరు శెనక్కాయలంటారు. మాకు మాత్రం బుడ్డలే. చట్నీలో బుడ్డలు, కూరలో బుడ్డల పొడి, బస్సు కోసం నిలబడితే పొట్లంలో ఉడకేసిన బుడ్డలు. అలాంటి ఊరికి లైన్‌మన్ ఓబులేసు బదిలీ మీద వచ్చాడు. అతని భార్య సుంకమ్మ, కూతురు గంగోత్రిని ఏడో తరగతిలో చేర్చడానికి మా హైస్కూలుకు తీసుకొచ్చింది.

"మా పాపకు బుడ్డలు పడవు సార్" అందామె, హెడ్మాస్టరు విరూపాక్షయ్యగారితో. నేను పక్కనే అప్లికేషను నింపుతున్నాను.

విరూపాక్షయ్యగారు మంచి మనిషి. ఎవరి కష్టమైనా తనకూ ఉందని చెప్పి తేలిక చేయడం ఆయన పద్ధతి. "దానికేముందమ్మా? నాకూ వంకాయ పడదు. తింటే దురద. కాసేపు గోక్కుంటే పోతాది."

"ఇది గోక్కుంటే పోయేది కాదు సార్. దీనికి నాలుగేండ్లప్పుడు పెండ్లిలో ఎవరో సగం బుడ్డల ఉండ తినిపించినారు. చూస్తాండంగానే పెదిమలు వాచినాయి. ఒళ్లంతా దద్దుర్లు. గొంతులో పిల్లికూతలు. బండి మీద ఆస్పత్రికి పోతాంటే నా ఒళ్లోనే పిల్ల నీలంగా అయిపోయింది."

విరూపాక్షయ్యగారు వంకాయ సంగతి మళ్లీ ఎత్తలేదు. "ఎంత తింటే అట్లయితాదమ్మా?" అని మాత్రం అడిగారు.

"ఎంతని లెక్క ల్యా సార్. బుడ్డలు తిప్పిన గంటెతో సాంబారు తిప్పినా చాలు. ఒకసారి ఒట్టి దద్దుర్లతో పోతాది, ఒకసారి పానం మీదికొస్తాది. ఏదొస్తాదో ముందుగాల తెల్దు."

ఆమె సంచిలోంచి లావుపాటి పెన్నులాంటిదొకటి తీసి బల్ల మీద పెట్టింది. సూదిమందు పెన్ను. బెంగళూరు డాక్టరు తెప్పించి ఇచ్చాడట. ఊపిరి ఆడనప్పుడు మూత తీసి తొడకు బయటివైపు, బట్టల మీదుగానే, గట్టిగా నొక్కి పట్టుకోవాలి. ఆ వెంటనే 108కి ఫోను చేయాలి. దద్దుర్ల మాత్రలు వేసి చూద్దామని కూర్చుంటే పిల్ల దక్కదు.

ఇదంతా శ్రద్ధగా విన్నది మధ్యాహ్న భోజనం వండే హంపమ్మ. సుంకమ్మను వంటగదిలో పీట మీద కూర్చోబెట్టి అరగంట సేపు ప్రశ్నలు వేసింది. ఏ నూనె వాడాలి, కారప్పొడి ఎక్కడిది కొనాలి, ఒకే రోట్లో రుబ్బవచ్చా. మందు అయిపోయిన పాత పెన్నుతో దోసకాయ మీద గుచ్చడం నేర్చుకుంది. నన్నూ పిలిచి గుచ్చమంది. నాలుగో దోసకాయకు నాకూ వచ్చింది. మరునాటి నుంచి వంటగదిలోకి బుడ్డలు రావడం మానేశాయి. అసలు పెన్ను అటక మీద, అందరికీ కనిపించేచోట చేరింది. రెండు నెలలు బడిలో ఏమీ జరగలేదు.

ఏమీ జరగకపోవడమనేది ఏ కార్యాలయంలోనూ పనిగా లెక్కకు రాదు. నెలవారీ నివేదికలో విరూపాక్షయ్యగారు "అలర్జీ గల విద్యార్థిని ఒకరు, తగు జాగ్రత్తలు తీసుకొనబడినవి" అని ఒక ముక్క రాశారు. పది రోజులకల్లా ప్రాంతీయ ఆహార అప్రమత్తతాధికారి శతానందంగారు జీపు దిగారు.

ఆయన అంతకు ముందు వారమే రెండు రోజుల సదస్సుకు వెళ్లివచ్చారు. ఆ ఉత్సాహం ఇంకా చల్లారలేదు.

"జాగ్రత్తలు ఎవరి ఉత్తర్వు ననుసరించి తీసుకొనిరి?" అని అడిగారు.

"ఉత్తర్వు లేదు సార్. వాళ్లమ్మ చెప్పింది" అన్నారు విరూపాక్షయ్యగారు.

"తల్లి చెప్పినది సమాచారము మాత్రమే. అది జాగ్రత్తగా మారవలెనన్న మా కార్యాలయము ద్వారా రావలెను."

ఉత్తర్వు తెలుగులో ఉండాలన్నారు. తెలుగు పండితుణ్ణి కాబట్టి పని నా మీద పడింది. నేను శ్రద్ధగా 'వేరుశనగ' అని రాశాను. బుడ్డలు అని కూడా రాశాను గానీ, అది ప్రభుత్వ భాష కాదని ఆయన కొట్టేశారు. వారం తర్వాత సంతకంతో, సీలుతో కాగితం వచ్చింది.

"ఇందుమూలముగా సమస్తమైన వారికి తెలియజేయునదేమనగా, వేరు, శనగ మరియు తత్సంబంధిత ఉత్పత్తులన్నియు పాఠశాల ప్రాంగణమునందు నిషేధింపబడినవి."

నేను ఆ రోజే బస్సెక్కి ఆయన కార్యాలయానికి వెళ్లాను.

"సార్, వేరుకూ శనగకూ మధ్య కామా పడింది."

"ఎచ్చట పడినది?"

"టైపులో పడినట్టుంది సార్."

"సంతకమునకు పూర్వము పడిన యెడల అది పొరపాటు. సంతకము తదుపరి అది విధానము. విధానమును సవరింపవలెనన్న కమిటీ వేయవలెను." తర్వాత నా ముఖం చూసి జాలిపడ్డట్టున్నారు, గొంతు తగ్గించారు. "పండితులు గారూ, ఆలోచింపుడు. ఒక వస్తువును నిషేధించుటకన్న రెండు వస్తువులను నిషేధించుట అధిక భద్రత కాదా?"

నేను కాదనలేదు. ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. టీ తెప్పించారు, తాగి వచ్చాను.

ఉత్తర్వు అమలుకు ముగ్గురు తనిఖీదారులు వచ్చారు. ముందు వేరు సంగతి చూశారు. వంటగదిలో ముల్లంగి, క్యారెట్టు, బీట్‌రూటు పట్టుబడ్డాయి. ఉల్లిగడ్డ వేరా కాదా అని గంట సేపు చర్చ జరిగింది. బయాలజీ టీచరు అది కాండం జాతిదని రాతపూర్వకంగా హామీ ఇచ్చాక వదిలేశారు. ఆటస్థలంలో కానుగ చెట్టు వేళ్లు నేల పైకి తేలి ఉన్నాయి. వాటి మీద సిమెంటు పోయించారు. ఆరో తరగతి సైన్సు పుస్తకంలో 'వేరు వ్యవస్థ' పాఠం మీద తెల్లకాగితం అంటించారు. అర్ధసంవత్సర పరీక్షలో వేరు చేసే పనులేవి అన్న ప్రశ్న పొరపాటున వచ్చింది. "వేరు నిషేధించబడినది" అని రాసినవాళ్లందరికీ పూర్తి మార్కులు వేయాల్సి వచ్చింది.

తర్వాత శనగ. శనగపప్పు, శనగపిండి, పుట్నాలు డబ్బాలతో సహా సీలు వేసి తీసుకుపోయారు. గంగోత్రి వాటిని చిన్నప్పటి నుంచీ తింటోందని హంపమ్మ మొత్తుకుంది. తినడం వేరు, నిబంధన వేరు అన్నారు.

మధ్యలో తనిఖీదారులు గేటు దగ్గర బండివాడి దగ్గరికి వెళ్లారు.

"ఇవేమిటి?"

"బుడ్డలు సార్. ఉడకేసినవి, వేడిగా ఉండాయి."

ఒకాయన జాబితా తీసి పైనుంచి కింది దాకా చదివాడు. అందులో బుడ్డలు లేవు. ముగ్గురూ తలా ఒక పొట్లం కొనుక్కుని, ఒలుచుకు తింటూ, ఏడో తరగతి తనిఖీకి బయలుదేరారు. హంపమ్మ గంటె పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ పొట్లాలు బయట పారేసి రాండి. ఆ చేతుల్తో లోపలికి పోతే ఊరుకోను."

"ఈమె ఎవరు?"

"వంటమనిషండి" అన్నారు విరూపాక్షయ్యగారు మెల్లగా.

"శిక్షణ పొందినదా?"

పొందలేదు. అందుకని సిబ్బంది అందరికీ ఒక రోజు శిక్షణ, సాయంత్రం పరీక్ష పెట్టారు. సూదిమందు పెన్ను సంగతి శిక్షణలో లేదు. అది వైద్యశాఖ పరిధిలోనిదట. ప్రశ్న ఒక్కటే: 'వేరు, శనగల మధ్య గల భేదమును వివరింపుము.' హంపమ్మకు చదువు రాదు. ఆమె చెబితే నేను రాశాను. "ఈ రెండూ తిన్నా గంగోత్రికేమీ కాదు. బుడ్డలు తింటే సచ్చిపోతాది."

సున్నా మార్కులు వచ్చాయి. సమాధానం ప్రశ్నకు సంబంధించినది కాదని ఎర్ర సిరాతో రాశారు. పునశ్చరణ శిక్షణ అయ్యేదాకా ఆమె వంటగదిలో అడుగు పెట్టకూడదని ఉత్తర్వు. ఆమె చోట ఎవరినీ వేయలేదు, వంటగదికి తాళం పడింది. గంగోత్రి ఇంటి నుంచి క్యారియరు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. మిగిలిన పిల్లలకు పక్క ఊరి బడి నుంచి అన్నం వచ్చేది. హంపమ్మ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, గేటు పక్క అరుగు మీద గంటె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ప్రాంగణం బయట కూర్చోకూడదని ఉత్తర్వులో లేదు.

పెన్ను అటక మీద ఉండటం కూడా శతానందంగారికి నచ్చలేదు. "ప్రాణరక్షణ సామగ్రి ఎవరి చేతికి పడిన వారి చేతికి అందుట ప్రమాదకరము" అని, హెడ్మాస్టరు గదిలో గోడకు అద్దాల పెట్టె బిగించి, దాన్ని అందులో పెట్టించారు. తాళం వేసి లక్కతో సీలు వేశారు. తాళంచెవి ఆయన దగ్గర.

సుంకమ్మ వచ్చి అడిగింది. "అవసరమైతే ఎట్ల సార్?"

"అవసరము యొక్క వివరములు తెలుపుతూ దరఖాస్తు చేసుకొనవలెను" అని ఆమెకు జవాబు వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో పెన్ను కోసం బెంగళూరుకు ఫోను చేసింది. స్టాకు లేదు, నెల పడుతుందన్నారు.

ఆ నెలలోనే మా బడికి 'అలర్జీ రహిత పాఠశాల' అని ధ్రువపత్రం మంజూరైంది. దాన్ని ఇవ్వడానికి శతానందంగారే వస్తున్నారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. అతిథులకూ పిల్లలకూ మరమరాల ఉగ్గాని, బజ్జీ. వంటగదికి తాళం కాబట్టి టౌనులో హోటలుకు ఆర్డరిచ్చారు. నిబంధనల కాగితం ముందే పంపారు.

హోటలు యజమాని రుద్రప్ప నిబంధనలంటే భయం ఉన్న మనిషి. బజ్జీలు శనగపిండి లేకుండా బియ్యప్పిండితో వేశాడు. ఉగ్గానిలో మామూలుగా పుట్నాల పొడి చల్లుతారు. అది శనగ. కాబట్టి దాన్ని మానేసి, చక్కగా వేయించిన బుడ్డల పొడి చల్లాడు.

"ఒక్క పుట్నం కూడా పడనీల్యా సార్" అని నాతో చెప్పాడు, గిన్నెలు దించుతూ. నాకు మైకు పిలుపు వచ్చింది. మరి ఏం వేశావని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. రాకపోవడానికి కారణమేమిటని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అధికారిని పొగడటానికి రాసుకున్న పద్యం నోట్లో తిరుగుతూ ఉండింది. అంతే.

ఫోటోకు గంగోత్రిని వేదిక మీదికి పిలిచారు. శతానందంగారు స్వయంగా ఉగ్గాని పొట్లం అందించారు.

గంగోత్రి పొట్లం పట్టుకుని అడిగింది. "ఇందులో ఏమేమి ఏసినారు సార్?"

వాళ్లమ్మ నేర్పిన ప్రశ్న. ఏడేళ్లుగా ఎక్కడికి వెళ్లినా అడిగే ప్రశ్న.

"బాలికా, భయమేల? ఆ ధ్రువపత్రమును చూడుము. నిషిద్ధ పదార్థములేవియు ఈ ప్రాంగణమున లేవు. నిర్భయముగా భుజింపుము."

ఫోటోగ్రాఫరు "పాపా, నోట్లో పెట్టుకోమ్మా, ఇటు చూడు" అన్నాడు. ఏడో తరగతి పిల్ల. వేదిక మీద అంతమంది పెద్దవాళ్లు, కింద మూడు వందల మంది పిల్లలు. తినింది. నేను మైకులో పద్యం చదువుతున్నాను.

రెండో పద్యానికి వచ్చేసరికి పిల్ల పెదిమలు తడుముకుంటోంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కుర్చీ పట్టుకుని, "సార్, నాకు అదే అయితాంది" అంది. గొంతు మారిపోయింది. దగ్గు. దగ్గు మధ్యలో సన్నటి కూత.

నేను మైకు వదిలేసి పరుగెత్తాను. పిల్లను పడుకోబెట్టబోతే ఊపిరి ఆడక లేచి కూర్చుంది. విరూపాక్షయ్యగారు 108కి ఫోను చేస్తున్నారు.

"తాళంచెవి ఇవ్వండి సార్!"

శతానందంగారు జేబు మీద చేయి వేసుకున్నారు. ఆయన ముఖం కూడా పాలిపోయింది, దుర్మార్గుడు కాదాయన. "ఇద్దరు సాక్షుల సమక్షమున, పంచనామా లేకుండ, సీలు..." అంటూ ఎవరికో ఫోను చేయడానికి నంబరు వెతుకుతున్నారు. ఆయనకు పైన ఇంకో అధికారి ఉన్నాడు. ఆ అధికారి ఫోను ఎత్తలేదు.

అప్పుడు హెడ్మాస్టరు గదిలోంచి అద్దం పగిలిన శబ్దం వినిపించింది.

హంపమ్మ గేటు దాటి, ఉత్తర్వు దాటి, నేరుగా వెళ్లి ఇనుప గంటెతో పెట్టె పగలగొట్టింది. చేతి నుంచి రక్తం కారుతోంది. వేదిక ఎక్కి మూత పళ్లతో లాగి, పిల్ల తొడ మీద పెన్ను ఆనించి నొక్కింది.

"ఒకటి, రెండు, మూడు..." పైకి లెక్కపెట్టింది. పది దాకా. "ఏం కాదు తల్లీ. నన్ను చూడు. నా మొగం చూడు."

కొన్ని నిమిషాలకు కూత సన్నగిల్లింది. 108 వచ్చింది. హంపమ్మ పిల్లతో పాటు ఎక్కింది, నేను వెనక బండి మీద వెళ్లాను. ఆస్పత్రికి సుంకమ్మ మాకంటే ముందే చేరింది. ఏడవలేదు. నన్ను ఒక్కటే అడిగింది.

"తిన్యాక ఎన్ని నిమిషాలకు ఏసినారు సార్?"

"నాలుగైదు నిమిషాలమ్మా" అన్నాను. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. "కాదు. పన్నెండు. మందు మా గోడ మీదే ఉండింది" అన్నాను.

సాయంత్రానికి పిల్ల కోలుకుందనుకున్నాం. ఇంటికి తీసుకుపోతామని ఓబులేసు అడిగాడు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఇది ఒక్కోసారి తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబడుతుందని చెప్పింది. ఆమె చెప్పిన గంటకే మళ్లీ ఊపిరి బిగిసింది, ఇంకో సూది వేశారు. ఆ మాట వినకపోయి ఉంటే పిల్ల దారిలో ఉండేది. అలర్జీ అంటే దురదనుకునే విరూపాక్షయ్యగారు ఆ రోజు వార్డు బయట బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నారు.

విచారణ జరిగింది. ఉగ్గానిని పరీక్షకు పంపారు. అందులో వేరు గానీ, శనగ గానీ లేవని ఫలితం వచ్చింది. నిబంధన నూటికి నూరుపాళ్లు అమలైనట్టు తేలింది. రుద్రప్పకు ప్రశంస. హంపమ్మకు అనుమతి లేని ప్రవేశానికి ఒక మెమో, ప్రభుత్వ అద్దం పగలగొట్టినందుకు ఇంకో మెమో. చివర సిఫార్సు ఇలా ఉంది: "అలర్జీ రహితమని ధ్రువీకరింపబడిన పాఠశాలయందు అలర్జీ గల విద్యార్థిని ఉండుట ధ్రువపత్రమునకు విరుద్ధము. కావున సదరు విద్యార్థినికి బదిలీ పత్రమునిచ్చి వేరొక సురక్షిత పాఠశాలకు పంపవలెను."

టీసీ రాసే పని కూడా నాదే. రిజిస్టరు తెరిచాను. గంగోత్రి పేరు రాశాను. తర్వాత పెన్ను ముందుకు పోలేదు. విరూపాక్షయ్యగారి వైపు చూశాను.

"రాయకయ్యా" అన్నారాయన. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన నోట కాదన్న మాట అదే మొదటిసారి విన్నాను. "రాయకుండా ఎట్ల సార్?" అన్నాను. "వాళ్లకు జాబు రాయి. వాళ్ల భాషలోనే రాయి."

ఆ రోజు నేను రాసిన జాబు నా జీవితంలో మంచి రచన. ఆదేశము శిరసావహించుటకు సిద్ధముగా ఉన్నామని, అయితే 'సురక్షిత పాఠశాల' అనగా ఏదో నిర్వచించవలెనని, అట్టి పాఠశాలల జాబితాను ధ్రువపత్రములతో సహా పంపవలెనని, సదరు ధ్రువపత్రములున్నచో ఆ పాఠశాలలయందు కూడ విద్యార్థిని ఉండరాదు గనుక ఆ విషయమై స్పష్టత నీయవలెనని, అందాక యథాతథస్థితి కొనసాగింపబడుచున్నదని రాశాను. హెడ్మాస్టరు సంతకం చేసి సీలు వేశారు.

ఆ ఫైలు శతానందంగారి బల్ల నుంచి పై బల్లకు వెళ్లింది. అక్కడి నుంచి న్యాయ సలహాకు వెళ్లిందని విన్నాను. తర్వాత ఆయనకు బదిలీ అయింది. రెండేళ్లయినా జవాబు రాలేదు, రాదు కూడా. హంపమ్మ పునశ్చరణ శిక్షణ కూడా ఆ ఫైలుతో పాటే ఎక్కడో ఆగిపోయింది. వంటగది తాళం ఎవరు తీశారో ఎవరూ రాతపూర్వకంగా అడగలేదు. ఆమె వండుతోంది.

ఈలోగా సుంకమ్మ ఒక శనివారం వచ్చి, పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఏం జరిగితే ఎలా ఉంటుందో, ఎవరు పరుగెత్తాలో, ఎవరు ఫోను చేయాలో చెప్పింది. గంట కూడా పట్టలేదు.

మొన్న మా బడికి కొత్తగా లెక్కల సారు వచ్చాడు. ఇంటర్వెల్లో బస్టాండులో కొన్న బుడ్డలు తిని, చేతులు దులుపుకుని, తొమ్మిదో తరగతిలోకి అడుగుపెట్టబోయాడు. మొదటి బెంచీలో నలుగురు పిల్లలు లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"సబ్బుతో చేతులు కడుక్కోని రాండి సార్. నోరు కూడా."

ఆయన కొత్తవాడు, పైగా క్రమశిక్షణ గల మనిషి. "ఇది ఎవరి ఉత్తర్వు? సర్కులర్ నంబరెంత?" అని గద్దించాడు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి వెనక్కి తిరిగి, కిటికీ పక్కన లెక్క చేసుకుంటున్న గంగోత్రిని చూపించింది.

"నంబరు ల్యా సార్. పేరుంది."